వెనక్కి వచ్చే దారి ముందు చూసుకోండి: ఆటిజం ఉన్న పిల్లలతో ప్రయాణం ఎలా చేయాలి

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు ఎస్.కోట దాటి కొండెక్కడం మొదలుపెట్టాక మొదటి సొరంగం వచ్చింది. ఒక్కసారిగా చీకటి. ఆ చీకట్లో పెట్టె పెట్టంతా ఈలలు, కేకలు. అరకు రైల్లో అదొక ఆనవాయితీ. కాలేజీ కుర్రాళ్ల దగ్గర్నుంచి మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్న తాతల దాకా అందరూ గొంతు చించుకుంటారు. వెలుతురు వచ్చేసరికి మా వాడు సీటు కింద ఉన్నాడు. రెండు చేతులతో చెవులు మూసుకుని, మోకాళ్ల మధ్య తల దూర్చి, 'ఊఁ' అంటూ ఒకటే శ్రుతి. ఆ దారిలో ఇలాంటి సొరంగాలు యాభైకి పైగా ఉన్నాయని నాకు తెలుసు. తెలిసే, చూడముచ్చటగా ఉంటుందని టికెట్లు తీశాను.

బొర్రా గుహల స్టేషన్లో దిగిపోయాం. అక్కణ్నుంచి జీపు మాట్లాడుకుని, అడిగినంత ఇచ్చి, అరకు చేరేసరికి మధ్యాహ్నం అయింది. ఆ రోజు నా తప్పు సొరంగాల సంగతి మర్చిపోవడం కాదు. మధ్యలో ఎక్కడ దిగొచ్చు, దిగితే బండి దొరుకుతుందా అన్నది చూసుకోకపోవడం. అప్పట్నుంచి మా ఇంట్లో ఏ ప్రయాణమైనా ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: "అక్కణ్నుంచి పది నిమిషాల్లో ఎలా బయటపడతాం?" దీనికి జవాబు దొరికాకే టికెట్లు, హోటలు, మిగతావన్నీ. ఈ కింద రాసినదంతా ఆ వరసలోనే ఉంటుంది.

1. ఊరు కాదు, ముందు పిల్లవాణ్ని చూడండి

ఒక వారం పాటు చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. దేనికి చెవులు మూసుకుంటున్నాడు, ఏ వాసనకి వాంతి చేసుకుంటున్నాడు, ఎంతసేపు ఎదురుచూడగలడు, ఎవరు తాకితే ఊరుకుంటాడు, రాసుకోండి. 'గోల పడదు' అని రాస్తే ఉపయోగం లేదు. ఏ గోల? మా వాడికి డప్పులు ఫరవాలేదు, మిక్సీ ఫరవాలేదు. మాల్‌లో బాత్రూం గోడకి ఉండే చేతులారబెట్టే మెషిన్ మాత్రం పడదు. ఎవరు ఎప్పుడు చెయ్యి పెడతారో, అది ఎప్పుడు హోరుమంటుందో తెలియదు కదా, అదీ వాడి బాధ. చప్పుడు ఎంత పెద్దదన్నదాని కంటే అది చెప్పకుండా రావడమే చాలామంది పిల్లలకి కష్టం.

ఎదురుచూడటం దగ్గర మీ లెక్క నిక్కచ్చిగా ఉండాలి. పిల్లవాడు ఇంట్లో అన్నం కోసం నాలుగు నిమిషాలు ఆగగలిగితే, గుడి క్యూలో నలభై నిమిషాలు ఆగుతాడని ఆశపడకండి. దేవుడి మీద భారం వేసినా సరే.

2. ఇంటికి దగ్గర్లో రిహార్సల్ చేయండి

పెద్ద ప్రయాణానికి నెల ముందు నుంచి చిన్న చిన్నవి. హైదరాబాద్‌లో ఉంటే మెట్రోని మించిన బడి లేదు. మధ్యాహ్నం పదకొండు, మూడు గంటల మధ్య ఒక్క స్టేషన్ వెళ్లి, దిగి, వెనక్కి వచ్చేయండి. అందులో అన్నీ ఉన్నాయి: బ్యాగు స్కానింగు, మెటల్ డిటెక్టర్ కూత, ఒంటి మీద తడిమే చెయ్యి, తలుపులు మూసుకునేటప్పటి బీప్, ఎస్కలేటర్. రేపు విమానాశ్రయంలో ఎదురయ్యేవి ఇవే. మొదట్లో అమీర్‌పేట లాంటి జంక్షన్ జోలికి పోవద్దు. రెండోసారి రెండు స్టేషన్లు, మూడోసారి దిగి ఒక ఐస్‌క్రీమ్ తినడం. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉంటే ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని, రైలు వచ్చి వెళ్లిపోవడం చూసి వచ్చేయండి, అంతే.

చెవులకి పెట్టుకునే ఇయర్ మఫ్స్ కొంటే ప్రయాణం రోజు మొదటిసారి పెట్టకండి. అలవాటు లేని పిల్లవాడికి అదే ఇంకో బాధ. ఇష్టమైన వీడియో చూసేటప్పుడు రోజూ రెండు నిమిషాలతో మొదలుపెట్టండి. కొత్త చెప్పులు, కొత్త బట్టలు అసలే వద్దు. పండక్కి కొన్నవైనా ఒకటికి రెండుసార్లు ఉతికి, మెడ వెనక లేబుల్ కత్తిరించి, ఆ తర్వాతే వేయండి.

3. కాగితాలు

ఇది విసుగు పుట్టించే పని, కానీ ఒక్కసారి చేసుకుంటే చాలా చోట్ల ఊపిరాడుతుంది. 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడే. అందులో ఆటిజం లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జాబితాని 21కి పెంచి ఆటిజాన్ని చేర్చింది. మన రెండు రాష్ట్రాల్లో 'సదరం' అని పిలిచే పరీక్ష అయ్యాక సర్టిఫికెట్ వస్తుంది. దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డుకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. రాయితీలు, పథకాలు ఎక్కువగా 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకే వర్తిస్తాయి. అసలు కార్డు మీ వెంటే ఉంచుకుని, జెరాక్స్ ఇంట్లో, ఫొటో ఫోన్లో పెట్టుకోండి.

రైల్వే సంగతి కొంచెం మెలిక. వాళ్ల రాయితీ తోడు లేకుండా ప్రయాణం చేయలేని మేధో వైకల్యం ఉన్నవాళ్లకి. మీ పిల్లవాడి సర్టిఫికెట్లో ఆటిజంతో పాటు అది కూడా రాసి ఉంటే స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీల్లో 50 శాతం తగ్గింపు. తోడు వెళ్లే ఒకరికి కూడా అంతే తగ్గుతుంది. రాజధాని, శతాబ్ది లాంటి బళ్లలో థర్డ్ ఏసీకి, చైర్ కార్‌కి 25 శాతమే. దీనికి రైల్వే గుర్తింపు కార్డు విడిగా తీసుకోవాలి. అయిదు నుంచి పదకొండేళ్ల పిల్లలకి బెర్తు వద్దంటే సగం టికెట్, బెర్తు కావాలంటే మొత్తం టికెట్. ఇక్కడ పొదుపు చేయకండి. తనదంటూ ఒక బెర్తు, తన దుప్పటి, తన గోడ వైపు ఉన్న పిల్లవాడు మన ఒళ్లో ఇరుక్కున్న పిల్లవాడి కంటే పదింతలు నెమ్మదిగా ఉంటాడు.

విమానమైతే టికెట్ కొన్నప్పుడే, కనీసం 48 గంటల ముందు, ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ఆటిజం అని చెప్పండి. డీపీఎన్ఏ అని ఒక కోడ్ ఉంటుంది, మేధోపరమైన, ఎదుగుదలకి సంబంధించిన వైకల్యం ఉండి సాయం అవసరమైన ప్రయాణికులకి వేసేది. అది బుకింగ్‌లో వేయమనండి. వీల్‌చైర్ అడగమని చాలామంది సలహా ఇస్తారు, లైన్ తప్పుతుందని. పరుగెత్తే పిల్లవాణ్ని వీల్‌చైర్‌లో కూర్చోబెట్టబోయి ఇంకో గొడవ తెచ్చుకోకండి. 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలైన పొద్దుతిరుగుడు పువ్వు పట్టీ ఇప్పుడు మన దగ్గర బెంగళూరు విమానాశ్రయంలో కూడా ఇస్తున్నారు. పైకి కనిపించని వైకల్యం ఉందని సిబ్బందికి మాట లేకుండా చెప్పే ఆకుపచ్చ మెడపట్టీ అది. అమెరికా నుంచి వచ్చే తెలుగు కుటుంబాలు అక్కడి విమానాశ్రయ సెక్యూరిటీ వాళ్ల సహాయ విభాగం టీఎస్ఏ కేర్స్‌కి 72 గంటల ముందు చెప్పి ఉంచుకోవచ్చు.

4. ముందుగా బొమ్మలతో చెప్పండి

'రేపు ఊరెళ్తున్నాం' అన్న మాట మనకి అర్థమైనట్టు వాడికి అవ్వదు. ఒక అట్ట మీద బొమ్మలు అంటించండి: ఆటో, స్టేషన్, రైలు, బెర్తు, అమ్మమ్మ ఇల్లు, సముద్రం, మళ్లీ రైలు. చివరి బొమ్మ మీ ఇంటి తలుపు. నెట్‌లో దొరికే ఏదో తలుపు కాదు, మీ తలుపే, మీ తాళంతో సహా ఫొటో తీసి పెట్టండి. నా మట్టుకు నేను ఈ ఒక్క బొమ్మకి మిగతావన్నీ దండం పెట్టాలంటాను. తిరిగి ఇంటికి వస్తామన్న సంగతి కళ్లకి కనబడుతుంటే మధ్యలో ఎన్ని వచ్చినా తట్టుకుంటారు.

ప్రతి మజిలీ అయ్యాక ఆ బొమ్మ తనే పీకి కవర్లో వేయాలి. వెల్‌క్రో అంటించుకుంటే సుఖం. ఒక ఖాళీ చదరం కూడా పెట్టి, దాని మీద ప్రశ్న గుర్తు గీయండి. బండి ఆలస్యమైతే, వాన పడితే, అది చూపించి 'ఇప్పుడు మారింది' అని చెప్పడానికి. దీన్ని కూడా ఇంట్లోనే ఒకటి రెండుసార్లు వాడాలి: పార్క్ అనుకున్నాం, ప్రశ్న గుర్తు, మిద్దె మీదకి వెళ్దాం.

5. సంచిలో ఏం ఉండాలి

వాడు ఎప్పుడూ తాగే సీసా, వాడి గిన్నె, వాడి దుప్పటి. దుప్పటి ఉతక్కండి. ఇంటి వాసన ఉండాలి. ఫోన్లో వీడియోలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఘాట్ రోడ్డులో సిగ్నల్ ఉండదు. రెండు జతల బట్టలు మీ చేతి సంచిలో, మిగతావి పెట్టెలో. మందులు వాడుతుంటే రెండు రోజులకి అదనంగా, చీటీతో సహా.

తిండి దగ్గర పంతాలు వద్దు. 'అక్కడికి వెళ్తే ఆకలేసి అదే తింటాడు' అని పెద్దవాళ్లు అంటారు. తినడు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు రెండు పూటలు పస్తుంటారు గానీ రంగు మారిన ఇడ్లీ ముట్టరు. మా వాడు పెరుగన్నం మీద బతుకుతాడు, అదీ పుల్లగా ఉండకూడదు, తాలింపు ఉండకూడదు. నేను చేసేది ఇది: అన్నం మెత్తగా వండి, వేడిగా ఉండగానే పాలు పోసి మెదిపి, గోరువెచ్చగా అయ్యాక అర చెంచా పెరుగు తోడు వేసి స్టీల్ డబ్బాలో పెడతాను. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుని ఉంటుంది. ముందే పెరుగు కలిపితే వేసవిలో పదకొండింటికే పులిసిపోతుంది. రాత్రి రైలుకి ఈ పద్ధతి పనికిరాదు. దానికి మామూలు అటుకులు, పాల ప్యాకెట్.

6. బయల్దేరే రోజు

రాత్రి బండి మంచిదా, పగటి బండి మంచిదా అని అడుగుతుంటారు. నిద్ర బాగా పట్టే పిల్లవాడైతే రాత్రి. మా వాడికి కొత్త చోట నిద్ర పట్టదు కాబట్టి పగలే, అదీ ఆరేడు గంటలు మించకుండా. కారైతే గంటన్నరకొకసారి ఆపండి. హైవే మీద పెద్ద హోటళ్ల ముందు కాదు, చెట్టు కింద. స్టేషన్‌కి మరీ ముందు వెళ్లకండి. గంట ముందు వెళ్తే ఆ గంటంతా అనౌన్స్‌మెంట్లు, ట్రాలీలు, ఫినాయిల్ వాసన. ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు సామాను తీసుకుని ముందు ప్లాట్‌ఫాం మీదకి, ఇంకొకరు పిల్లవాడితో బయట కారులోనో చెట్టు కిందో. బండి వచ్చే పది నిమిషాల ముందు ఫోన్ కొడితే లోపలికి.

రైలు బాత్రూం గురించి ఎవరూ రాయరు, మా సగం గొడవలు అక్కడే. కింద కన్నంలోంచి పట్టాలు పరుగెడుతూ కనిపించే పాత రకం ఇప్పుడు తగ్గిపోయింది గానీ, కొన్ని పెట్టెల్లో గాలి లాగేసే ఫ్లష్ పెట్టే చప్పుడుకి పిల్లలు అదిరిపోతారు. బండి స్టేషన్లో కదలకుండా ఉన్నప్పుడు వాడు లోపల చూసి రావాలి, చెవులు మూసి ఉంచి, ఫ్లష్ వాడు బయటికి వచ్చాక మీరు నొక్కాలి.

పక్కవాళ్లకి ముందే ఒక మాట చెప్పేయండి. గొడవ మొదలయ్యాక చెబితే సాకులా ఉంటుంది. నేనైతే సామాను సర్దుతూనే, "బాబాయి గారూ, మా బాబుకి ఆటిజం అండీ. కాస్త ఊగుతుంటాడు, ఒకే మాట మళ్లీ మళ్లీ అంటాడు. ఏడిస్తే కంగారుపడకండి, ఓ పది నిమిషాల్లో సర్దుకుంటాడు" అంటాను. ఎక్కువమంది మంచివాళ్లే. అతి మంచివాళ్లతోనే ఇబ్బంది. 'నీ పేరేంటి నాన్నా, ఏం చదువుతున్నావు, చెప్పవూ' అని గడ్డం పట్టుకుంటారు. "వాడు అడిగినదానికి జవాబు చెప్పడండీ, చెయ్యి ఊపితే చాలు, సంతోషిస్తాడు" అంటే వాళ్లకీ ఏం చేయాలో తెలుస్తుంది. మా అత్తగారి ఈడు ఆవిడ ఒకావిడ 'ముద్దు చేసి పాడుచేశారు' అంది. ఆవిడకి నేనేం చెప్పలేదు. అప్పుడు మా వాడు స్టేషన్ అనౌన్స్‌మెంట్ మొత్తం, "దయచేసి వినండి" దగ్గర్నుంచి, బండి నంబరుతో సహా మూడు భాషల్లో అప్పజెప్పాడు. ఆవిడ నోరు తెరుచుకుని చూసింది.

7. చూడబోయే చోట్లు

ఇక్కడ మళ్లీ ఆ పది నిమిషాల ప్రశ్న. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి చూడాలని పిల్లలందరికీ ఉంటుంది. దాదాపు 91 మీటర్ల పొడుగు, లోపల సన్నటి ఒకే నడవ, ఆ చివర ఎక్కి ఈ చివర దిగాలి. ముందు జనం, వెనక జనం. మధ్యలో వాడికి ఊపిరాడకపోతే వెనక్కి తిరిగే దారే లేదు. మేం బయట నిలబడి చూశాం. బొర్రా గుహల్లోనైతే గబ్బిలాలు, జారే మెట్లు, కేకల ప్రతిధ్వని ఉన్నా సగం నుంచి తిరిగి వచ్చేయొచ్చు, అందుకని అది నాకు నయం.

జూ పార్కులు మంచివి, విశాలం కాబట్టి. హైదరాబాద్ నెహ్రూ జూ 380 ఎకరాలు. అందులో అన్నీ చూడాలనుకోవడమే తప్పు. తెరిచిన వెంటనే వెళ్లి, రెండు మూడు జంతువులు చూసి, ఎండెక్కేలోపు వచ్చేయండి. సోమవారం సెలవు, ఆదివారం తిరనాళ్లు. మిగిలినవి మనవే. మా వాడు ఏనుగుని చూడలేదు, ఏనుగు దగ్గర కారుతున్న కొళాయిని ముప్పావు గంట చూశాడు. చూడనివ్వండి. టికెట్ డబ్బులు వాడి కళ్లకి కట్టాం గానీ ఏనుక్కి కాదు.

తిరుమల వెళ్లాలనుకుంటే మామూలు క్యూ కాంప్లెక్స్‌లోకి తీసుకెళ్లకండి. కంపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టి తలుపేశాక బయటికి రావడం తేలిక కాదు. వృద్ధులకీ దివ్యాంగులకీ టీటీడీ విడిగా ఆన్‌లైన్ కోటా ఇస్తుంది. టికెట్లు చాలా ముందుగా వదులుతారు, నిమిషాల్లో అయిపోతాయి, తేదీ చూసుకుని కూర్చోవాలి. ఇక తలనీలాలు. తల మీద కత్తి ఆనితేనే కొందరికి ప్రాణం పోయినంత పని. నలుగురు పట్టుకుని గుండు చేయించే మొక్కు ఏ దేవుడూ అడగడు. మూడు కత్తెర్లు ఇచ్చే పద్ధతి ఉండనే ఉంది, అది కూడా కుదరకపోతే తండ్రి గుండు చేయించుకోవచ్చు. మా ఇంట్లో అదే జరిగింది.

పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు ముహూర్తం ఎప్పుడో కనుక్కోండి. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి గట్టిమేళం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ పావుగంట బయట కారులో ఉండి, భోజనాల మొదటి బంతికి లోపలికి వస్తే పెళ్లీ చూసినట్టే, చుట్టాలూ కలిసినట్టే. కారు గేటు వైపు మొహం పెట్టి ఆపుకోండి, వెనక ఇంకో కారు అడ్డు పెట్టని చోట.

తోడబుట్టినవాళ్లని మర్చిపోకండి. ప్రతి ప్రయాణంలో ఒక పూట అన్నని నాన్నకి అప్పజెప్పి, చెల్లినొక్కదాన్నే అమ్మ తీసుకెళ్లాలి. ఎవరికోసమూ ఆగక్కర్లేకుండా, అది అడిగినంతసేపు రోప్‌వే ఎక్కనివ్వాలి.

8. తప్పిపోకుండా, నీళ్లలో పడకుండా

ఇది ఒక్కటి మాత్రం ఏ మినహాయింపూ లేకుండా చేయండి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది చెప్పాపెట్టకుండా పరుగెడతారు, వాళ్లలో చాలామందిని నీళ్లు లాగుతాయి. సముద్రం, చెరువు, హోటల్ ఈతకొలను, ఆఖరికి మూత లేని సంపు. దిగగానే చుట్టుపక్కల నీళ్లు ఎక్కడున్నాయో మీరే తిరిగి చూసి రండి. ఆర్.కె. బీచ్‌లో అలల కింద లాగుడు ఎక్కువ, పెద్దవాళ్లే కొట్టుకుపోతారు. పాదాలు తడిసే చోటైనా చేయి వదలకండి. 'అందరం చూస్తున్నాం' అన్నప్పుడు ఎవరూ చూడరు. గంటకొకరు చొప్పున, "ఇప్పుడు నా డ్యూటీ" అని నోటితో చెప్పి తీసుకోండి.

హోటల్లో బాల్కనీ లేని గది అడగండి. తలుపుకి పై గడియ లేకపోతే లోపలి వైపు పిడికి చిన్న గంట కట్టండి, పూజ గంటయినా చాలు. పొద్దున్నే, ఆ రోజు వేసిన బట్టలతో ఒక ఫొటో తీయండి. ముంజేతి లోపలి వైపు బాల్‌పెన్‌తో మీ ఫోన్ నంబరు రాసి, పైన పారదర్శకమైన ప్లాస్టర్ అతికిస్తే స్నానానికి కూడా పోదు. కనిపించకపోతే మొదట నీళ్ల వైపు పరుగెత్తండి, మిగతా చోట్లు తర్వాత. 112కి, 1098కి ఫోన్ చేయండి, రైల్లోనో స్టేషన్లోనో అయితే 139కి. పిలిస్తే పలకడని మొదటి వాక్యంలోనే చెప్పండి. లేకపోతే అందరూ పేరు పెట్టి అరుస్తూ తిరుగుతారు.

9. చేయి దాటిపోయినప్పుడు

మెల్ట్‌డౌన్, అంటే తట్టుకోలేక పిల్లవాడు పూర్తిగా అదుపు తప్పిపోవడం, మొండితనం కాదు. మొండికేసిన పిల్లవాడు మధ్యలో ఆగి మన మొహం చూస్తాడు, ఇస్తామా లేదా అని. ఇక్కడ వాడు చూడడు, చూసే స్థితిలో లేడు. బుజ్జగింపు, లెక్చరు, లంచం ఏవీ లోపలికి వెళ్లవు. మాటలు ఆపేయండి. చెప్పాల్సి వస్తే ఒకటే మాట, ఒకే గొంతుతో: "బయటికి." వెలుతురు, చప్పుడు తక్కువున్న వైపు కదలండి. ఈడ్చకండి. కదలనప్పుడు జనాన్నే కదపండి, ఒకరు వీపు తిప్పి అడ్డంగా నిలబడితే చాలు. తల మీద తువ్వాలు కప్పితే కొందరికి హాయి, కొందరికి అది ఇంకా భయం. మీ వాడు ఏ రకమో ఇంట్లోనే తెలుసుకుని ఉండాలి. తల నేలకేసి కొట్టుకుంటుంటే కింద మీ చేయి కాదు, దుప్పటి మడత పెట్టండి. తగ్గాక నీళ్లివ్వండి, తాగకపోయినా పక్కన పెట్టండి. 'ఎందుకలా చేశావ్' అని అప్పుడు అడగొద్దు, సాయంత్రం కూడా అడగొద్దు. ఆ రోజు మిగిలిన కార్యక్రమం రద్దు. హోటల్‌కి వెళ్లి ఫ్యాన్ కింద పడుకోవాలి, మీరు కూడా.

10. వచ్చాక

మర్నాడే బడికి, థెరపీకి పంపకండి. ఒక రోజు ఇంట్లో, మామూలు అన్నం, మామూలు టీవీ. నోటు పుస్తకంలో మూడు ముక్కలు రాసుకోండి: ఏది కుదిరింది, ఎక్కడ తేడా కొట్టింది, ఎన్ని గంటలకి అలసిపోయాడు. పదో ప్రయాణానికి అది మీ దగ్గరున్న అన్ని సలహాల కంటే పనికొస్తుంది.

బట్టలు మెషిన్‌లో వేసే ముందు జేబులు తిరగేయండి. పోయినసారి భీమిలి నుంచి మా వాడు పదిహేడు గులకరాళ్లు తెచ్చాడు, ఆ సంగతి మెషిన్ బాగుచేయడానికి వచ్చినాయన చెప్పాడు. అవి ఇప్పుడు వాడి మంచం పక్కన వరసగా ఉన్నాయి. ఊడ్చేటప్పుడు ఒకటి పక్కకి జరిగితే వాడికి తెలిసిపోతుంది.